పసుపెక్కిన పెళ్లికొడుకు

మృగశిర కార్తె వచ్చి, నేల నానేలా ఒక్క రాత్రి గట్టి వాన కొట్టిందంటే చాలు. శ్రీరాంపూర్ చుట్టుపక్కల కుంటలు, బురద మళ్లు, రోడ్డు పక్క గుంతలు అన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టేవి. అరిచేది బోదురుకప్ప. ఎండాకాలమంతా గెట్ల కింది బొరియల్లో, తడి దాగిన మన్నులో చర్మంతోనే గాలి పీల్చుకుంటూ పడి ఉన్న జీవి అది. మట్టిరంగు ఒళ్లు, వీపు మీద ముదురు మచ్చలు, నడుమ సన్నని లేతచార. పక్కనే ఉన్నా కంటికి ఆనదు. ఆ మగకప్పే తొలకరి రాత్రికి నిలువెల్లా పసుపెక్కిపోతుంది. నలుగు పెట్టిన పెళ్లికొడుకులా నిమ్మపండు ఛాయలో మెరుస్తుంది. గొంతుకు రెండు పక్కలా నీలి తిత్తులు బుడగల్లా ఉబ్బుతాయి. ఒకటి అరిస్తే పది అందుకుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎగబడి, తన్నుకుని, నీళ్లలో దొర్లుతాయి.

ఆ పసుపు ఎన్నాళ్లో ఉండదు. కొద్ది రాత్రుల్లో కలయిక ముగిసిందా, మగకప్ప మళ్లీ పాత మట్టిరంగులోకి దిగిపోతుంది. ఏడాది పొడవునా దాక్కునే నేర్పుతో బతికిన ప్రాణి, ఏడాదిలో ఆ కొద్ది రాత్రులు మాత్రం ఒంటి రంగుతోనూ గొంతుతోనూ తానెక్కడుందో ఊరందరికీ చాటుకుంటుంది. దాని పతనమంతా అక్కడే మొదలైంది.

మన దేశపు కప్పల్లోకెల్లా పెద్దది ఇదే. బాగా ఎదిగినది ముక్కు నుంచి పిర్ర దాకా 16, 17 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ 1802లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లకు ‘రానా టైగ్రినా’ అంటే గుర్తుకొస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో అది హోప్లోబాట్రాకస్ టైగరినస్ అయింది. పాకిస్తాన్ నుంచి బర్మా దాకా, హిమాలయాల పాదాల నుంచి కన్యాకుమారి దాకా, వరి ఎక్కడుంటే ఇదీ అక్కడుంది. దట్టమైన అడవి దీనికి పెద్దగా నచ్చదు. నీళ్లు నిలిచే చదునుపొలమే దీని ఇల్లు. మనిషి చెట్లు కొట్టి, గెట్లు పోసి, మడి కట్టిన ప్రతిచోటా దీనికి తావు దొరికింది. కావలికాసే కుక్కకన్నా, ధాన్యం తినే పిచ్చుకకన్నా రైతుకు ఇది దగ్గరి చుట్టం. జీతం లేని పాలేరు అన్నా తప్పు కాదు.

దీని ఆకలికి హద్దు లేదు. నోట్లో పట్టేదేదైనా తిండే. మిడత, పురుగు, ఎండ్రకాయ, చిట్టెలుక, చిన్న పాము, పక్షిపిల్ల, ఆఖరికి చిన్న కప్ప కూడా. ఆడకప్ప ఒక్క విడతలో వేల గుడ్లు పెడుతుంది. అవి పగిలి వచ్చే తోకపిల్లలు మిగతా కప్పల పిల్లల్లా నాచు గీకి బతికే రకం కావు. పుట్టింది మొదలు వేటే. పక్కనున్న వేరే జాతి పిల్లల్ని తింటాయి, అవి దొరక్కపోతే తోబుట్టువుల్నే తింటాయి. దీన్ని క్రూరత్వం అనుకుంటే మనం ఆ కుంటను చూడనట్టే. అది వారం పది రోజులు వాన మొహం చాటేస్తే ఎండిపోయే నీళ్లగుంట. తోక రాలి కాళ్లు వచ్చేలోపు నీళ్లు ఇంకితే అందరూ పోయినట్టే. తొందరగా ఎదగాలంటే మాంసం కావాలి. వేలల్లో కొన్నయినా గట్టెక్కితే చాలన్నది ఆ జాతి లెక్క. ఈ తోకపిల్లల ఆకలిని మరిచిపోవద్దు, దానితో తర్వాత పని ఉంది.

మగకప్పల అరుపు ఆడకప్పకు పిలుపు. కానీ ఆ పిలుపు ఇంకొకరికీ వినపడింది. 1950లలో మన దేశం నుంచి కప్పకాళ్ల ఎగుమతి ఊపందుకుంది. ఫ్రాన్సు, బెల్జియం, అమెరికా హోటళ్లలో కప్పకాళ్ల వేపుడుకు గిరాకీ. కేరళ, బెంగాల్ పొలాల్లో వానరాత్రి గ్యాసులైట్లు కదిలేవి. వెలుగు కళ్లలో పడితే కప్ప కదలదు, నిలబడిపోతుంది. అరుపును బట్టి పొలం, రంగును బట్టి కప్ప. వెతుక్కోవాల్సిన పని లేదు, వంగి ఏరుకోవడమే. సంచుల్లో కుక్కి రేవుకు చేర్చేవారు. అక్కడ ప్రాణముండగానే నడుము దగ్గర కోత. రెండు వెనక కాళ్లు ఐసుపెట్టెలోకి, మిగతా ఒళ్లు కుప్పలోకి. ఆ కుప్పలో సగం శరీరాలు చాలాసేపు కదులుతూనే ఉండేవి.

1981లో ఎగుమతి శిఖరానికి చేరింది. ఆ ఒక్క ఏడాదే 4,368 టన్నుల కాళ్లు దేశం దాటాయి. ఒక్కో కప్ప ఇచ్చే కాళ్ల బరువును గ్రాముల్లో తూచాలి. ఆ టన్నుల్ని గ్రాముల్లోకి మార్చుకుంటే ఎన్ని కప్పలో లెక్కకట్టవచ్చు. నేను కట్టను. అంత పెద్ద అంకె వినగానే చెవి మొద్దుబారుతుంది, బుర్రకు ఏమీ ఎక్కదు. పట్టుకున్నవి ఏవన్నది ఇంకా ముఖ్యం. వాన పడిన రాత్రి గట్టు మీదకొచ్చిన పెద్దకప్పలు, అంటే గుడ్లు పెట్టాల్సినవి, పెట్టించాల్సినవి. పండిన పంటను కోసుకున్నారనుకున్నారుగానీ, విత్తనపు గింజనే బస్తాకెత్తారు.

ఈ వ్యాపారం మీద గట్టిగా గొంతెత్తినవాళ్లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన హుమాయూన్ అబ్దులాలీ ముఖ్యుడు. ఆయన పక్షుల శాస్త్రవేత్తగా పేరుపడినవాడు. కప్పల గొడవ ఆయనకెందుకని ఎవరైనా అనవచ్చు. కానీ పొలంలో కప్ప పోతే పురుగు మిగులుతుందనీ, ఆ పురుగుకు మందు కొనాలనీ ఆయనకు తెలుసు. కాళ్లమ్మి తెచ్చిన డాలర్లకన్నా పురుగుమందుల దిగుమతికి పోసే డాలర్లే ఎక్కువన్నది నిషేధం కోరినవాళ్ల వాదన. 1985లో అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం, సైటిస్, ఈ కప్పను రెండో అనుబంధంలో చేర్చింది. 1987లో మన ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. పళ్లెం మాత్రం ఖాళీ కాలేదు. వ్యాపారం మొదట బంగ్లాదేశ్‌కు జరిగింది. అక్కడా నిషేధం వచ్చాక ఇండోనేసియాకు వెళ్లింది. తినేవాళ్ల ఊళ్లలో కప్పలు తగ్గితే వాటిని కాపాడారు, ఇతరుల ఊళ్లలో తగ్గితే వేరే ఊరు వెతుక్కున్నారు.

ఆ గ్యాసులైట్లు మా వైపు ఎంతవరకూ వచ్చాయోగానీ, కత్తి మాత్రం వచ్చింది. చదువు పేరుతో వచ్చింది. జిల్లాల్లో జూనియర్ కాలేజీలు వెలిసినకొద్దీ ప్రాక్టికల్స్ బల్ల మీద మైనపు పళ్లాలు పెరిగాయి. క్లోరోఫాం సీసా, గుండుసూదులు, చిన్న కత్తెర. వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ సూదులు గుచ్చి పొట్ట చీల్చి చూస్తే, గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండేది. డాక్టరు కావాలనుకున్న మూడు తరాల పిల్లలు మొదట తెరిచిన గుండె ఇదే. రికార్డు బుక్కులో బొమ్మ గీసి, భాగాలకు గీతలు లాగి, మార్కులు వేయించుకుని వెళ్లిపోయారు. మెల్లగా అది సడలింది. 2014లో యూజీసీ జంతుశాస్త్ర కోర్సుల్లో జంతువుల కోతలు మానేయమని తేల్చి చెప్పింది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద కోస్తున్నారు. మంచిదే. అయితే నిజం కప్పను ఒక్కసారైనా చేత్తో పట్టుకోకుండా దాని రక్తప్రసరణ పాఠాన్ని అప్పజెప్పే పిల్లలు వచ్చారు, అదీ ఒక రకం దూరమే.

శ్రీరాంపూర్‌లో దానికి పట్టిన గ్రహణం వేరు. ఇది సింగరేణి ఊరు. గోదావరికి కూతవేటు దూరంలో, మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద, భూమి కింద బొగ్గు, భూమి మీద షిఫ్టు సైరన్. ఇక్కడ బావి అంటే నీళ్లబావి అనుకునేవాళ్లు తక్కువ. ఆర్కే బావులంటే బొగ్గు బావులు. వాటి వెనకే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఓపెన్‌కాస్టుకు వాన శత్రువు. గని అడుగున నీరు చేరితే బొగ్గు ఎత్తలేరు, ప్రతి వానాకాలం పేపర్లో ఉత్పత్తికి అంతరాయమని వార్త పడుతుంది. మోటార్లు పెట్టి రాత్రింబగళ్లు నీళ్లు తోడిపోస్తారు. కప్పకు పండగైన వాన గనికి నష్టం కింద లెక్క. గని తవ్విన మట్టి గుట్టలుగా లేచింది. ఆ గుట్టల కింద ఏ కుంట ఎక్కడుండేదో పాతవాళ్లు చెయ్యి చాపి చూపిస్తారు, కానీ చూపించిన చోట చూడ్డానికి ఏమీ ఉండదు.

అలాగని పాపమంతా బొగ్గు మీద తోసేస్తే అన్యాయం అవుతుంది. గని లేని ఊళ్లలోనూ గొంతులు తగ్గాయి. బోర్లు పడ్డాక మోటబావులు పాడుబడ్డాయి. వాటి మెట్ల సందుల్లో, గోడల తడిలో కప్పకు ఎండాకాలపు ఆశ్రయం ఉండేది. వరిలో కాండం తొలిచే పురుగుకు గుళికలు చల్లడం అలవాటైంది. ఆ మందు మడినీళ్లలో కరిగేది, ఆ నీళ్లలోనే తోకపిల్లలుండేవి. కప్పకు నీరు తాగే నోరు వేరే లేదు, చర్మంతోనే తాగుతుంది. నీళ్లలో ఏది కలిపితే అది దాని ఒంట్లోకి పోతుంది. దుక్కి దున్నే ఎద్దుల కాళ్లకు అడ్డుపడిన కప్ప ఎగిరి పక్కకు తప్పుకునేది. కేజ్‌వీల్ ట్రాక్టరు ఆ అవకాశం ఇవ్వదు. ఇక రోడ్డు. వానరాత్రి తారు వెచ్చగా ఉంటుందని, గుంత నుంచి గుంతకు పోవాలని కప్పలు రోడ్డెక్కుతాయి. బొగ్గు టిప్పర్లు ఆగకుండా తిరిగే రోడ్డు అది. సెకండ్ షిఫ్టు దిగి బండి మీద ఇంటికి పోయేవాళ్లు చక్రం పక్కకు తిప్పుకుంటూ పోవడం నేను చూశాను. టిప్పరుకు ఆ వెసులుబాటు ఎక్కడిది.

ఇంత జరిగినా వాన రాకపోతే మాత్రం మనకు మళ్లీ కప్పే దిక్కు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కప్పతల్లి ఆట ఇంకా పూర్తిగా పోలేదు. రోకలికి బట్ట కట్టి, అందులో కప్పను ఉంచి, వేపకొమ్మలు చుట్టి, పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. డప్పు మోగుతుంది. ఇంటావిడ బిందెడు నీళ్లు తెచ్చి దాని మీద పోస్తుంది, చేటలో ఇన్ని బియ్యమో జొన్నలో ఇస్తుంది. నడినెత్తిన ఎండలో ఊరేగే ఆ కప్పకు ఆ బిందెడు నీళ్లే ప్రాణం. వానదేవుడికి మనం పంపే రాయబారి అది. రాయబారిని చంపకూడదన్న నీతి మనకు భారతం నేర్పింది, రామాయణం నేర్పింది. పొలంలో మాత్రం ఆ నీతి గుర్తుకు రాలేదు.

ఈ భూమ్మీద పసుపెక్కి పోయిన కప్ప ఇదొక్కటే కాదు. మధ్య అమెరికాలోని కోస్టారికాలో, మోంటెవెర్డె కొండల మీద, మబ్బులు తాకే వర్షారణ్యంలో ఒక చిన్న కప్ప ఉండేది. మగది అయిదు సెంటీమీటర్లు దాటదు. ఒళ్లంతా మచ్చలేని బంగారు నారింజ రంగు. జే సావేజ్ అనే శాస్త్రవేత్త 1966లో దాన్ని లోకానికి పరిచయం చేసినప్పుడు ఎవరో రంగు పూసి మోసం చేస్తున్నారేమో అన్నంత అనుమానం కలిగించిన రంగు. అదీ ఏడాదంతా నేలలో దాక్కునేది. వాన మొదలయ్యాక కొద్ది రోజులు మాత్రం చెట్ల వేళ్ల మధ్య చెంబెడు నీళ్లు నిలిచిన గుంటల చుట్టూ గుమికూడేది. 1987లో మార్తా క్రంప్ అనే పరిశోధకురాలు 1,500కు పైగా కప్పల్ని కళ్లారా చూసింది. మరుసటి ఏడు కొండంతా గాలిస్తే పది కనిపించాయి. 1989 మే 15న ఒకే ఒక మగకప్ప కనిపించింది. ఆ తర్వాత ఎవరికీ ఏదీ కనిపించలేదు. 2004లో అంతరించిన జాబితాలో రాసేశారు.

దాన్ని ఎవరూ గ్యాసులైటు పెట్టి పట్టలేదు, కాళ్లు కోయలేదు. అది ఉన్న అడవి రక్షిత అడవి. ఎల్‌నినో తెచ్చిన ఎండ ఒక కారణమన్నారు. కైట్రిడ్ అనే బూజు ఇంకో కారణమన్నారు. ఆ బూజు కప్ప చర్మాన్ని పట్టి దళసరి చేస్తుంది. చర్మంతోనే నీళ్లూ లవణాలూ పీల్చుకునే జీవికి లవణాలు అందక చివరికి గుండె ఆగిపోతుంది. దానికి 1999లో పేరు పెట్టారు. 2019లో వచ్చిన లెక్క ప్రకారం ఆ బూజు వల్ల 501 ఉభయచర జాతులు క్షీణించాయి, 90 జాతులు పూర్తిగా పోయి ఉంటాయని అంచనా. మన పడమటి కనుమల కప్పల మీద కూడా అది కనిపించింది, కానీ అక్కడిలాంటి మూకుమ్మడి చావులు ఇక్కడ నమోదు కాలేదు. బంగారు కప్పకు అడవి గీత గీసి కాపాడినా చావు గీత దాటి వచ్చింది. మన పసుపు కప్పకు ఏ గీతా గీయలేదు, అయినా అది బతికే ఉంది.

అవును, బతికే ఉంది. ఏ జాతికి ఎంత ముప్పో లెక్క రాసే ఐయూసీఎన్ పుస్తకంలో బోదురుకప్ప ‘ఆందోళన అక్కర్లేని’ జాతుల్లోనే ఉంది. దేశమంతా పరుచుకున్న జాతి కాబట్టి ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది. అందుకే దీని మీద విలపించడానికి ఎవరికీ తీరిక లేదు. చివరి కప్ప చచ్చిన తేదీ తెలిస్తే దినం పెట్టవచ్చు. ఒక ఊరి చెరువులో ఈ ఏడు అరుపు పలచబడింది, పై ఏడు ఇంకాస్త పలచబడింది, ఆపై ఏడు మత్తడి దుంకినా ఒక్క గొంతు లేవలేదు అంటే దానికి తేదీ ఎక్కడుంటుంది? దేశం లెక్కలో జాతి క్షేమం, ఊరి లెక్కలో మాత్రం జాతి లేదు. పుస్తకాల వాళ్లు మొదటిది రాస్తారు. నాకు రెండోదే నష్టంగా తోస్తుంది.

అసలు విషాదం ఇంతటితోనే ఆగి ఉంటే దీన్ని అమాయకుడి కథగా చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకోవచ్చు. కానీ మన పెళ్లికొడుకు సముద్రం కూడా దాటాడు.

అండమాన్ దీవుల్లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, పోర్ట్ బ్లెయిర్‌లో మన మాట వినపడుతుంది. అక్కడికి మెయిన్‌లాండ్ నుంచి చేపపిల్లలూ వెళ్తాయి, ఇంటింటా తవ్వుకున్న చెరువుల్లో వేయడానికి. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, చేపపిల్లల మధ్య, వాటిలాగే ఈదుతూ, బోదురుకప్ప తోకపిల్లలు కూడా వెళ్లాయి. సంచి విప్పి నీళ్లలో పోసినవాడికి తేడా తెలియదు. గత రెండు దశాబ్దాల్లోనే అది ఇల్లిల్లూ పాకింది. నిత్యప్రకాశ్ మొహంతి, జాన్ మీసీ అనే పరిశోధకులు దీవుల్లో తిరిగి చూస్తే, జనం ఉండే చాలా దీవుల్లో అది కాపురం పెట్టేసింది. కోడిపిల్లల్ని మింగుతోందనీ చెరువులో చేపల్ని తింటోందనీ అక్కడి రైతుల మొర. పరిశోధకులు పట్టిన కప్పల పొట్టలు చూస్తే, ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని నలికిరి పాములు కూడా బయటపడ్డాయి. ఇదే కప్ప మడగాస్కర్‌కు, మాల్దీవులకు కూడా చేరింది.

అండమాన్‌కు సొంత కప్పలున్నాయి. వర్షారణ్యపు ఆకుల తడిలో, వాననీటి గుంటల్లో, ఆ దీవుల్లోనే పుట్టి ఆ దీవుల్లోనే మిగిలినవి. మైక్రోహైలా చక్రపాణీ అనేది ఒకటి, సన్నమూతి కప్ప, వేలి కొస మీద కూర్చోబెట్టవచ్చు. కలూలా ఘోషీ అనేది ఇంకొకటి. ఇవి గుడ్లు పెట్టే గుంటల్లోకే బోదురుకప్ప కూడా వచ్చింది. మొహంతి బృందం ఈ రెండు జాతుల తోకపిల్లల్ని బోదురుకప్ప తోకపిల్లలతో కలిపి పెంచి చూసింది. మన కుంటల్లో తొందరగా ఎండే నీళ్లతో పోటీపడి నేర్చిన ఆకలే అక్కడా పని చేసింది. నీళ్లు ఎండే భయం లేని చోట కూడా అది తగ్గలేదు. బోదురుకప్ప పిల్లలున్న తొట్లలో చక్రపాణి కప్ప పిల్ల ఒక్కటీ కాళ్లు వచ్చేదాకా బతకలేదు. ఘోషీ కప్ప పిల్ల ఒక్కటీ బతకలేదు.

మన పొలాల్లో బోదురుకప్పను చంపినవాళ్లం మనమే. అక్కడ దాన్ని సంచిలో పోసి పంపినవాళ్లమూ మనమే. అండమాన్ రేవుల్లో చేపపిల్లల సంచుల్ని దించేముందే తోకపిల్లల కోసం వడకట్టి చూడాలని శాస్త్రవేత్తలు అంటున్నారు. వడపోసి చూసేవాడికి చేపపిల్లకూ తోకపిల్లకూ తేడా చెప్పగల కన్ను ఉండాలి. ఆ కన్ను ఒకప్పుడు మా కుంట గట్టు మీద ఆడుకునే ప్రతి పిల్లాడికీ ఉండేది.